జార్జియా టామ్ చర్చికి తెచ్చిన పియానో

1938 అక్టోబర్ 31న న్యూయార్క్‌లో, డెక్కా రికార్డుల కంపెనీ మైకు ముందు, సిస్టర్ రొసెట్టా థార్ప్ అనే 23 ఏళ్ల యువతి గిటార్ వాయిస్తూ నాలుగు పాటలు రికార్డు చేసింది. వాటిలో ఒకదాని పేరు ‘రాక్ మీ’. నన్ను ఊపు ప్రభువా, ఊయలలో బిడ్డను ఊపినట్టు ఊపు అని దేవుణ్ణి అడిగే పాట. చర్చిలో పుట్టిన పాటే.

ఆ రోజుల్లోనే ఆమె కాటన్ క్లబ్ అనే నైట్‌క్లబ్‌లో, కాబ్ కాలొవే జాజ్ బృందంతో కలిసి చర్చి పాటలు పాడుతోంది. ఎదురుగా ఉన్నది సంఘం కాదు, గ్లాసు చేతిలో పట్టుకుని డాన్సు చూడ్డానికి వచ్చిన జనం. నల్లజాతి జనం తమ కష్టసుఖాలు పాడుకునే బ్లూస్ పాటల భాషలో ‘రాక్’ అనే మాటకి పడకగది అర్థం ఒకటుంది, అది వాళ్లకి బాగా తెలుసు. వినే చోటు మారేసరికి భక్తి పాట కాస్తా సరసం పాట అయిపోయింది. చాలామంది విశ్వాసులకి మనసు నొచ్చుకుంది. దేవుడి పాటను తాగేవాళ్ల ముందు పెట్టిందని ఆమెను తప్పుపట్టారు.

అయితే ఆ పాట రాసిందెవరో చూడండి. థామస్ ఎ. డార్సీ. థార్ప్ రికార్డుకి సరిగ్గా పదేళ్ల ముందు, 1928 అక్టోబర్‌లో, ఇదే డార్సీ ‘జార్జియా టామ్’ అనే పేరుతో ‘ఇట్స్ టైట్ లైక్ దట్’ అనే ద్వంద్వార్థాల బ్లూస్ పాట రికార్డు చేశారు. అది విపరీతంగా అమ్ముడుపోయింది. కాబట్టి చర్చి పాటను థార్ప్ క్లబ్బుకి తీసుకెళ్లింది అనడం సగం నిజమే. ఆ పాటను కట్టిన చేతులు పియానో నేర్చుకున్నదే అలాంటి చోట్ల.

గాస్పెల్, అంటే అమెరికా నల్లజాతి చర్చిల భక్తి సంగీతం గురించి మామూలుగా చెప్పే కథ ఒకటుంది. నల్లజాతి చర్చిల్లో స్వచ్ఛమైన భక్తి సంగీతం ఉండేది, దాన్నుంచి బ్లూస్, జాజ్ పుట్టాయి, ఆ తర్వాత మళ్లీ అవన్నీ కలిసిపోయాయి అంటారు. వినడానికి బాగుంటుంది కానీ ఈ వరస తప్పని నా ఉద్దేశం. ఇవాళ మనం గాస్పెల్ అంటున్న సంగీతం ముందు విడిగా ఉండి తర్వాత బ్లూస్‌తో కలిసింది కాదు. బ్లూస్ కలిసినందుకే అది పుట్టింది. మధ్యలో గోడ ఉన్న మాట నిజమే. ఆ గోడను కట్టింది మాత్రం మర్యాద, చదువు, అంతస్తు. స్వరాల్లో వెతికితే గోడ ఎక్కడా కనపడదు.

పేర్లతోనే సగం చిక్కు

స్పిరిచువల్, హిమ్, గాస్పెల్ అనే మాటల్ని మనం ఒకదానికి బదులు ఒకటి వాడేస్తుంటాం. స్పిరిచువల్స్ బానిసత్వం కాలం నాటివి. ఎవరు కట్టారో తెలియదు. పొలాల్లో, రహస్య ప్రార్థన కూటాల్లో, గుండ్రంగా తిరుగుతూ పాదాలతో నేలను తడుతూ పాడుకున్నవి. 1871లో నాష్‌విల్‌లోని ఫిస్క్ యూనివర్సిటీ విద్యార్థులు కాలేజీకి నిధులు పోగుచెయ్యడానికి ఊరూరా తిరిగి ఈ పాటల్ని పాడారు. కచేరీ హాళ్లకి తగ్గట్టు నాలుగు గొంతుల పొందికతో, నిలబడి, కదలకుండా పాడారు. ఆ కచేరీల వల్లే ప్రపంచానికి స్పిరిచువల్స్ తెలిశాయి. కానీ ఆ క్రమంలో పాదాల చప్పుడు పోయింది.

హిమ్స్ పుస్తకంలోంచి వచ్చినవి. ఇంగ్లండ్‌కి చెందిన ఐజక్ వాట్స్ 18వ శతాబ్దంలో రాసిన కీర్తనలు నల్లజాతి సంఘాల్లో ఎంతగా పాతుకుపోయాయంటే, ఆ తరహా పాడటానికే ‘డాక్టర్ వాట్స్’ అని పేరు. పుస్తకాలు లేవు, చాలామందికి చదవడం రాదు. అందుకని పెద్దాయన ఒక లైను గబగబా చెబుతాడు, సంఘమంతా దాన్ని అందుకుని, ఒక్కో అక్షరాన్ని సాగదీసి, ఎవరి గొంతుకి వీలైనట్టు వాళ్లు వంచుకుంటూ పాడుతుంది. మన భజనల్లో ఒకాయన ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవడం తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. అయితే ఇక్కడ తాళం ఉండదు. అలలాగా పైకి లేచి కిందికి దిగుతుంది.

‘గాస్పెల్’ అంటే సువార్త. పాటలకి ఈ పేరు పెట్టింది కూడా మొదట నల్లజాతి చర్చిలు కావు. తెల్లవారి ఉజ్జీవ సభల (భక్తిని మళ్లీ రగిలించే కూడికల) పాటల్ని 1870లలోనే ‘గాస్పెల్ హిమ్స్’ అని అచ్చువేశారు. 20వ శతాబ్దం మొదట్లో ఫిలడెల్ఫియాలో చార్ల్స్ ఆల్బర్ట్ టిండ్లీ అనే నల్లజాతి మెథడిస్ట్ పాస్టర్ గారు, పేదల రోజువారీ కష్టాలు పల్లవిలోకి వచ్చేలా, గాయకుడు సొంతంగా అల్లుకోవడానికి చోటు ఉండేలా పాటలు రాశారు. డార్సీ తన దారికి ఆద్యుడిగా ఈయన్నే చెప్పుకునేవారు.

ఇక బ్లూస్ ఒంటరి మనిషి పాట. అద్దె, ఆకలి, వెళ్లిపోయిన ప్రియురాలు, ఊరు దాటే రైలు. జాజ్ ప్రధానంగా న్యూఆర్లీన్స్ బ్యాండు మేళాల్లోంచి లేచింది. ఆ బ్యాండ్లు శవయాత్రలో సమాధి దాకా హిమ్‌ని నెమ్మదిగా, బరువుగా వాయిస్తాయి. తిరుగుదారిలో ఉషారుగా వాయిస్తూ వీధుల్లో జనాన్ని ఆడిస్తాయి. అదే బ్యాండు, అదే బూరా. చర్చి పాట ఎక్కడ ఆగి జాజ్ ఎక్కడ మొదలైందో ఆ వీధిలో నిలబడ్డవాళ్లకి గీత గీసి చూపించడం కుదిరే పని కాదు.

రెండు మెట్ల మధ్య స్వరం

సంగీతపరంగా ఇవి ఎంత దగ్గరివో మన స్వరాలతో చెబితే తేలిక. బ్లూస్‌కి ప్రాణం ‘బ్లూ నోట్’. గాంధారం ఉంది కదా, సాధారణ గాంధారం, అంతర గాంధారం. బ్లూస్ గాయకుడి గాంధారం ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది, అక్కడ కూడా నిలకడగా ఉండదు, కింది నుంచి పైకి జారుతుంది. నిషాదం కూడా అంతే. గమకం అలవాటైన చెవికి ఇది వింతగా ఉండదు. పాశ్చాత్య స్వరలిపికి మాత్రం దీన్ని రాయడం చేతకాదు. ‘డాక్టర్ వాట్స్’ హిమ్ పాడే ముసలమ్మ గొంతులోనూ ఇదే స్వరం ఉంది, బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ గొంతులోనూ ఇదే ఉంది.

మరి పియానో మీద ఎలా? హార్మోనియం లాగే పియానోకి కూడా మెట్లు ఉంటాయి, రెండు మెట్ల మధ్య స్వరం దొరకదు. అందుకని బ్లూస్ పియానిస్టులు ఒక ఉపాయం కనిపెట్టుకున్నారు. పక్కపక్కనే ఉన్న రెండు మెట్లని దాదాపు ఒకేసారి నొక్కుతారు, లేదా నల్ల మెట్టు మీంచి తెల్ల మెట్టు మీదికి వేలు జార్చేస్తారు. చెవి ఆ రెండింటి మధ్య ఒక స్వరాన్ని ఊహించుకుంటుంది. బ్లూస్ దగ్గర నేర్చిన ఈ వేలి విరుపుని డార్సీ అలాగే గాస్పెల్‌లోకి తెచ్చారు. ఇవాళ ఏ గాస్పెల్ పియానిస్టు వాయించినా ఆ జారుడు వినిపిస్తుంది.

రెండోది వంత. బోధకుడు ఒక మాట అంటే సంఘం ‘ఆమెన్’ అంటుంది. బ్లూస్ గాయకుడు ఒక లైను పాడి ఆగితే, ఆ ఖాళీలో గిటార్ బదులిస్తుంది. జాజ్‌లో ట్రంపెట్‌కి క్లారినెట్ బదులిస్తుంది. మనిషి పోయి వాయిద్యం వచ్చింది, వంత మాత్రం పోలేదు.

తేడా ఉన్నది పాట కొలతలో. బ్లూస్ చరణం సాధారణంగా 12 ఆవృతాలు. మొదటి లైను, మళ్లీ అదే లైను, ఆపైన జవాబు. డార్సీ తన గాస్పెల్‌కి ఈ కొలత పెద్దగా వాడలేదు. హిమ్స్‌కి అలవాటైన 16 ఆవృతాల చట్రాన్నే ఎక్కువగా ఉంచి, లోపల బ్లూస్ స్వరం, బ్లూస్ నడక పెట్టారు. అందుకే బయట నుంచి చూస్తే చర్చి పాటలాగే ఉంటుంది, వింటే మాత్రం ఒళ్లు ఊగుతుంది.

డ్రమ్ము వద్దనని చర్చిలు

డార్సీ కంటే ముందే ఒక రకం చర్చి ఈ తలుపు తెరిచేసింది. 1906లో లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధిలో విలియం సేమూర్ నడిపిన ఉజ్జీవ కూడికలతో పెంతెకొస్తు ఉద్యమం ఊపందుకుంది. అక్కడికి వెళ్లొచ్చిన చార్ల్స్ మేసన్ నాయకత్వంలో ‘చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్’ దక్షిణాది పేదల మధ్య విస్తరించింది. వీళ్లకి వాయిద్యాలంటే భయం లేదు. తంబురతో, నాట్యంతో, తంతివాద్యాలతో, తాళాలతో దేవుణ్ణి స్తుతించమని 150వ కీర్తనలో ఉంది కదా అనేవారు. డ్రమ్ములు, గిటార్లు, టాంబరీన్లు, బూరాలు అన్నీ లోపలికి వచ్చాయి. పట్టణాల్లోని పాత బాప్టిస్ట్, మెథడిస్ట్ పెద్దలకి ఇదంతా మోటుగా, గోలగా అనిపించేది.

ఈ దశ ఎలా ఉండేదో వినాలంటే అరిజోనా డ్రేన్స్ రికార్డులు వినండి. టెక్సాస్‌కి చెందిన ఈమెకి చూపు లేదు. 1926లో షికాగోలో ‘ఓకే’ అనే రికార్డుల కంపెనీకి పాడారు. ఎడమ చెయ్యి అడుగు నుంచి ధన్ ధన్ అని కొడుతూ, బార్లలో వాయించే బారెల్‌హౌస్, రాగ్‌టైమ్ పద్ధతిలో పరుగెడుతుంది. కుడి చెయ్యి దాని మీద తాళానికి అటూ ఇటూ జారుతూ ఆడుకుంటుంది. గొంతు ఆ రెండింటినీ దాటి పైకి లేచి అరుస్తుంది. మాటలు తీసేస్తే సారా కొట్టు పియానో. మాటలతో వింటే దేవుడి గురించి చెప్పే పూర్తి సాక్ష్యం. రికార్డులో గరగర ఎక్కువే, కానీ ఆ ఎడమ చేతిని ఏ గరగరా ఆపలేదు. ఈ సంగీత చరిత్రలో ఆమెకి రావలసినంత పేరు రాలేదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అదే టెక్సాస్‌లో బ్లైండ్ విల్లీ జాన్సన్ గిటార్ తీగల మీద స్లైడ్ జారుస్తూ దేవుడి పాటలు పాడేవారు. ఆయన వాయింపు వింటే బ్లూసే అంటారు, పాడినవన్నీ మాత్రం భక్తి పాటలే. 1927లో ఆయన చేసిన ఒక రికార్డు 1977లో వాయేజర్ నౌకతో పాటు అంతరిక్షంలోకి వెళ్లింది. అందులో మాటలుండవు, మూలుగు, గిటార్, అంతే.

షికాగోలో రెండు ఆదివారాలు

ఇక్కడ కొన్ని అంకెలు అవసరం. షికాగోలో నల్లజాతి జనాభా 1910లో 44 వేలు. 1920కి లక్షా 9 వేలు. 1930కి 2 లక్షల 33 వేలు. దక్షిణాదిలో హింస, పత్తి పొలాల్లో తీరని అప్పులు తట్టుకోలేక, ఫ్యాక్టరీ పనుల కోసం రైలెక్కి వచ్చినవాళ్లు వీళ్లంతా. వచ్చిన మొదటి ఆదివారం పెద్ద బాప్టిస్ట్ చర్చికి వెళ్తే అక్కడ చదువుకున్న పాస్టర్ గారి ప్రసంగం, నోట్స్ చూసి యూరప్ సంగీతం పాడే క్వైర్ (గాయక బృందం), చప్పుడు చెయ్యకుండా కూర్చున్న సంఘం. చేతులు తట్టకూడదు, కేకలు వెయ్యకూడదు.

ఆ పెద్దల్ని తేలిగ్గా తిట్టెయ్యడం నాకు న్యాయంగా అనిపించదు. బానిసత్వం పోయి 60 ఏళ్లే అయింది. మాకూ చదువుంది, సంస్కారం ఉంది అని తెల్ల సమాజం ముందు రోజూ రుజువు చేసుకోవలసిన స్థితి. కేకలు, చిందులు వాళ్లకి బానిసత్వపు గుర్తులు. మరోవైపు కొత్తగా వచ్చినవాళ్లకి ఆ కేకలే ఊరు, అమ్మ, దేవుడు. ఒకే చర్చిలో ఈ రెండు గుంపులూ పక్కపక్కన కూర్చున్నాయి. గాస్పెల్ మీద జరిగిన గొడవంతా ఈ రెండు గుంపుల మధ్యది.

డార్సీ ఈ రెండు లోకాల మనిషి. 1899లో జార్జియా రాష్ట్రంలో విల్లా రికా అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి బోధకుడు, తల్లి చర్చిలో ఆర్గన్ వాయించేది. కుటుంబం అట్లాంటాకి మారాక, పిల్లవాడిగా 81 థియేటర్‌లో ఇంటర్వెల్‌లో సోడాలు అమ్ముతూ ‘మా’ రెయినీ లాంటి బ్లూస్ గాయనుల్ని చూశారు, అక్కడికి వచ్చే పియానిస్టుల వేళ్లు చూసి నేర్చుకున్నారు. షికాగో వచ్చాక రాత్రి పార్టీల్లో వాయించేవారు. పోలీసులు రాకుండా చప్పుడు తక్కువగా వాయించడం ఆయన ప్రత్యేకత. గుసగుసలాడే పియానిస్టు అని పేరు కూడా వచ్చింది. (స్వింగ్, అంటే డాన్సుకి వాయించే జాజ్, బ్యాండ్ నడిపిన టామీ డార్సీ వేరు. ఆయన తెల్లజాతి ట్రాంబోన్ వాద్యకారుడు. ఇద్దరినీ కలిపేసే పొరపాటు చాలాచోట్ల కనిపిస్తుంది.)

1921లో షికాగోలో నేషనల్ బాప్టిస్ట్ కన్వెన్షన్ అనే చర్చి మహాసభ జరిగింది. అక్కడ డబ్ల్యు.ఎం. నిక్స్ అనే బోధకుడు ఒక పాట పాడితే డార్సీ కదిలిపోయారు. నిక్స్ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు పాడలేదు. అక్షరాల్ని సాగదీశారు, వంచారు, ఆపాల్సిన చోట ఆపి జనాన్ని ఎదురుచూసేలా చేశారు. బ్లూస్‌లో తను చేసేది ఇదే కదా అని డార్సీకి అర్థమైంది. అయినా వెంటనే మారిపోలేదు. 1924లో ‘మా’ రెయినీ ప్రదర్శనల కోసం ‘వైల్డ్ క్యాట్స్ జాజ్ బ్యాండ్’ని కూర్చి ఆమెతో ఊళ్లు తిరిగారు. 1926లో తీవ్రమైన మానసిక కుంగుబాటు ఆయన్ని మంచాన పడేసింది. కోలుకున్నాక చర్చి పాటల వైపు తిరిగారు. ఒక పాటను 500 కాపీలు చర్చిలకి పోస్టులో పంపారు. తపాలా బిళ్లలకి డబ్బు అప్పు చేశారు. ఆర్డర్లు రాలేదు.

సరిగ్గా అప్పుడు టాంపా రెడ్ అనే గిటారిస్టు ఒక కాగితం మీద మాటలు రాసుకుని వచ్చి, దీనికి బాణీ కట్టమన్నాడు. డార్సీ మొదట సందేహించారు. ఇంట్లో డబ్బుల్లేవు. అలా తయారైందే ‘ఇట్స్ టైట్ లైక్ దట్’. 1930లో, మళ్లీ షికాగోలోనే జరిగిన బాప్టిస్ట్ కన్వెన్షన్‌లో ఎవరో ఆయన చర్చి పాట పాడితే సభ ఊగిపోయింది, వేల కాపీలు అమ్ముడయ్యాయి. గమనించండి, 1928 నుంచి 1932 దాకా ఆయన రెండూ చేశారు. పొద్దున సువార్త పాట, రాత్రి జార్జియా టామ్. మారుమనసు ఒక్క రోజులో జరిగిందని చెబితే కథకి అందం వస్తుంది కానీ మనిషి జీవితం అలా నడవలేదు.

1931-32లో థియోడర్ ఫ్రై అనే గాయకుడితో కలిసి ఎబెనేజర్ బాప్టిస్ట్ చర్చిలో ఆయన గాస్పెల్ కోరస్ మొదలుపెట్టారు. తర్వాత పిల్‌గ్రిమ్ బాప్టిస్ట్ చర్చి పాస్టర్ జె.సి. ఆస్టిన్ పిలిచి తమ చర్చిలోనూ పెట్టమన్నారు. అక్కడ శాస్త్రీయ సంగీతం పాడే పాత క్వైర్ ఉంది, దాని వాళ్లకి ఈ కొత్త కోరస్ నచ్చలేదు. అయినా డార్సీ ఆ చర్చిలో దాదాపు నాలుగు దశాబ్దాలు పనిచేశారు. అంతకు ముందు చాలా చర్చిలు తనను బయటికి పంపేశాయని తర్వాతి రోజుల్లో ఆయనే చెప్పుకున్నారు.

1932 ఆగస్టు

ఆ నెలలో డార్సీ సెయింట్ లూయిస్‌లో ఉజ్జీవ సభల్లో పాడటానికి వెళ్లారు. భార్య నెట్టీకి నెలలు నిండాయి, ఆమె షికాగోలో ఉంది. సభ మధ్యలో టెలిగ్రామ్ వచ్చింది. ప్రసవంలో ఆమె చనిపోయింది. ఇల్లు చేరేసరికి బిడ్డ బతికే ఉన్నాడు, కొద్ది గంటల్లో వాడూ పోయాడు. తల్లినీ బిడ్డనీ ఒకే పెట్టెలో పెట్టి సమాధి చేశారు. దేవుడు తనకి అన్యాయం చేశాడని, చర్చి పాటలు వదిలేసి మళ్లీ బ్లూస్‌కి వెళ్లిపోదామని అనుకున్నట్టు డార్సీ చెప్పారు.

కొన్ని రోజుల తర్వాత ఫ్రై ఆయన్ని పోరో కాలేజీలో పియానో ఉన్న గదికి తీసుకెళ్లారు. డార్సీ వేళ్లు ‘మెయిట్‌లాండ్’ అనే పాత హిమ్ బాణీ మీద తిరుగుతున్నాయి. 19వ శతాబ్దపు బాణీ, అందరికీ తెలిసినదే. దాని మీద మాటలు వచ్చాయి. చెయ్యి పట్టుకో, నడిపించు, అలసిపోయాను, బలం లేదు. మొదట ‘బ్లెస్డ్ లార్డ్’ అని పాడారట. ఫ్రై ఆపి, అలా కాదు, ‘ప్రెషస్ లార్డ్’ అను అన్నారు. ధన్యుడైన ప్రభువా అనడానికీ, అమూల్యమైన ప్రభువా అనడానికీ తేడా ఉంది. మొదటిది ఆరాధన క్రమంలో వినే మాట, రెండోది దిక్కులేనివాడు పట్టుకునే మాట.

ఈ పాటలో జరిగిన పనిని కొంచెం దగ్గరగా చూడాలి. బాణీ పాతదే. డార్సీ దాన్ని నెమ్మది చేసి, ప్రతి పాదం చివరా ఊపిరి పీల్చుకునేంత ఖాళీ పెట్టారు. ఆ ఖాళీలో గాయని స్వరాన్ని వంచుకోవచ్చు, పియానో బదులివ్వచ్చు, సంఘం ‘అవును ప్రభువా’ అనవచ్చు. మాటల్లో స్వర్గ వర్ణన లేదు, సిద్ధాంతం లేదు. ఒక మనిషి, ఒక రాత్రి, వాన, అలసట. బ్లూస్ రోజూ మాట్లాడే విషయమే ఇది. బ్లూస్ దాన్ని గాలికి చెప్పుకుంటుంది, ఈ పాట దేవుడికి చెప్పుకుంది. అచ్చు కాగితం మీద డార్సీ చాలా సాదా నోట్స్ మాత్రమే రాసేవారు, మిగతాది పాడేవాళ్లకి వదిలేసేవారు. మన కృతుల స్వరలిపి చూసి రాగం తెలియనివాడు పాడితే ఎలా ఉంటుందో, డార్సీ కాగితం చూసి వాయించినా అలాగే ఉంటుంది.

ఆ కాగితాల వ్యాపారం కూడా ఈ కథలో భాగమే. ఆర్థిక మాంద్యంలో రికార్డుల అమ్మకాలు కుప్పకూలాయి. గాస్పెల్ దేశమంతా పాకింది ముఖ్యంగా పాట కాగితాల అమ్మకం వల్లే. శాలీ మార్టిన్ అనే గాయని డార్సీ బృందంలో చేరి, లెక్కాపత్రం లేని ఆ వ్యాపారాన్ని దారిలో పెట్టింది. ఊరూరా తిరిగి పాడి, కాగితాలు అమ్మి, కోరస్‌లు ఏర్పాటు చేయించింది. కొంతకాలానికి జనం గాస్పెల్ పాటల్ని ‘డార్సీలు’ అనే పిలవసాగారు. 1940లో ఆమె విడిపోయి కెనెత్ మోరిస్‌తో కలిసి సొంత ప్రచురణ సంస్థ పెట్టింది. ఈ మోరిస్సే 1939లో షికాగోలోని ఫస్ట్ చర్చ్ ఆఫ్ డెలివరెన్స్‌లో హామండ్ ఆర్గన్ని గాస్పెల్‌కి పరిచయం చేశారు. నాలుగేళ్ల కిందటే మార్కెట్లోకి వచ్చిన ఎలక్ట్రిక్ వాయిద్యం అది. తర్వాత జాజ్ వాళ్లూ దాన్ని సొంతం చేసుకున్నారు.

ఇద్దరు ఆడవాళ్లు, రెండు జవాబులు

మహేలియా జాక్సన్ న్యూఆర్లీన్స్‌లో పుట్టింది. పక్కనే పెంతెకొస్తు తరహా చర్చి, అక్కడి డ్రమ్ములు, టాంబరీన్లు. ఇంట్లో బెస్సీ స్మిత్ రికార్డులు. షికాగో వచ్చాక వీధి మూలల్లో డార్సీ పాటలు పాడి వినిపించి కాగితాలు అమ్మేది. బ్లూస్ పాడమని ఎంత డబ్బు చూపించినా పాడనని భీష్మించుకుంది, జీవితాంతం ఆ మాట మీదే నిలబడింది. కానీ ఆమె గొంతు వినండి. పదం చివర గరుకు, ఊపిరితో తాళాన్ని వెనక్కి లాగడం, కింది నుంచి ఎక్కే గాంధారం, ఇదంతా బెస్సీ స్మిత్ బడి. 1947లో రికార్డు చేసిన ‘మూవ్ ఆన్ అప్ ఎ లిటిల్ హైయర్’తో ఆమె పేరు దేశమంతా మోగిపోయింది.

రొసెట్టా థార్ప్ ఎంచుకున్నది వేరే దారి. పెంతెకొస్తు తల్లి చెయ్యి పట్టుకుని చిన్నప్పటి నుంచే సభల్లో గిటార్ వాయించిన పిల్ల. 1938 డిసెంబర్‌లో కార్నెగీ హాల్‌లో, స్పిరిచువల్స్ నుంచి స్వింగ్ దాకా నల్లజాతి సంగీతాన్ని ఒకే వేదిక మీద చూపించిన కచేరీలో పాడింది. తర్వాత లక్కీ మిలిండర్ స్వింగ్ బృందంతో కలిసి భక్తి పాటలతో పాటు లౌకిక పాటలూ పాడింది. 1944లో బూగీవూగీ పియానిస్టు శామీ ప్రైస్‌తో కలిసి చేసిన ‘స్ట్రేంజ్ థింగ్స్ హాపెనింగ్ ఎవ్రీ డే’ మరుసటి ఏడాది బిల్‌బోర్డ్ పత్రిక నల్లజాతి సంగీత పట్టికలో 2వ స్థానం దాకా వెళ్లింది. ఆ గిటార్ వింటే రాక్ అండ్ రోల్ పదేళ్ల ముందే వచ్చేసిందనిపిస్తుంది. చర్చి జనంలో కొందరు ఆమెను మనసారా క్షమించలేదు. ఆమె మాత్రం చర్చిని వదల్లేదు.

ఒకరు బ్లూస్ అనే పేరును తోసిపుచ్చి దాని గొంతును ఉంచుకున్నారు. మరొకరు పేరునీ, గొంతునీ, వేదికనీ కూడా కలిపేశారు. ఇద్దరిలో ఎవరు సరి అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ ప్రశ్న కంటే, ఇద్దరి పాటలూ ఒకే డార్సీ పియానో దగ్గరికి వెళ్లి ఆగుతాయన్నది నాకు ఎక్కువ విలువైన విషయం.

1968 ఏప్రిల్ 4 సాయంత్రం మెంఫిస్‌లోని లొరైన్ మోటెల్ బాల్కనీలో నిలబడి మార్టిన్ లూథర్ కింగ్ కింద ఉన్న బెన్ బ్రాంచ్‌తో మాట్లాడుతున్నారు. బ్రాంచ్ శాక్సఫోన్ వాద్యకారుడు, బ్యాండు నడిపిన మనిషి. ఈ రాత్రి సభలో ‘ప్రెషస్ లార్డ్’ వాయించు, చాలా అందంగా వాయించు అని కింగ్ అడిగారు. క్షణాల్లో తూటా తగిలింది. చర్చి సభలో శాక్సఫోన్ ఏమిటని ఆ బాల్కనీ దగ్గర ఎవరూ అడగలేదు. 36 ఏళ్ల కిందట పియానో మెట్టు మీంచి వేలు జారితేనే ముఖం చిట్లించిన బాప్టిస్టుల్లోంచి వచ్చిన పాస్టరే కింగ్. అయిదు రోజుల తర్వాత ఆయన అంత్యక్రియల్లో ఆ పాటను మహేలియా జాక్సన్ పాడింది.